గుర్రం ముందు నడిచిన మనిషి

జీను, రికాబు, లగాము, చాబుకు, సవారీ. ఈ మాటలు వాడటానికి ఏ తెలుగువాడూ మదర్సాకు పోయి ఉర్దూ నేర్చుకోలేదు. గుర్రంతో పాటే వచ్చి మన ఊళ్ళల్లో దిగిపోయాయి. సాయిసు వచ్చాడు, నాడాలు కొట్టే నాల్బందు వచ్చాడు. పశువుల డాక్టర్‌ని మన బుజుర్గులు 'సలోత్రి' అనేవారు. వినడానికి ఖాలిస్ ఉర్దూ లఫ్జ్ లాగా ఉంటుంది. నిజానికి అది శాలిహోత్రుడి పేరు. గుర్రాల వైద్యం మీద సంస్కృతంలో ఉన్న శాస్త్రం ఆయన పేరు మీదే నడిచేది. దాన్ని మన దక్కన్‌లో బహ్మనీల జమానాలోనే ఫార్సీలోకి తర్జుమా చేశారు. తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద పద్యాలతో పుస్తకమే రాశాడు. అంటే గుర్రం వీపు మీద మాటలు ఇటూ అటూ రెండు వైపులా సఫర్ చేశాయి.

ఈ ఖాందాన్‌లోనే ఇంకో మాట ఉంది: బేగార్. దాన్ని గుర్రపు మాటల లెక్కలో ఎవరూ వేయరు. దాని దగ్గరికి వస్తాను. ముందు గుర్రాన్ని తయారు చేద్దాం.

మా నారాయణఖేడ్ 1956 దాకా బీదర్ జిల్లా తాలూకా. భాషల వారీగా రాష్ట్రాలు విడగొట్టినప్పుడు మెదక్ జిల్లాలో కలిసింది, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. అందుకే మా దగ్గర తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ, తండాల్లో లంబాడీ అన్నీ వినపడతాయి. ఒక పక్క మంజీర, ఒక పక్క బీదర్ ఎర్రరాతి పీఠభూమి, మధ్యలో నల్లరేగడి. ఈ నేల సంగతి తెలియకుండా పాతకాలం సఫర్ అర్థం కాదు. వానాకాలం రేగడిలో గుర్రం కాలు పెడితే మోకాటి దాకా దిగుతుంది. తీస్తే నాడా ఊడి బురదలో ఉండిపోతుంది. కాబట్టి సఫర్ తయారీలో పహెలీ చీజ్ జీను కాదు, మౌసమ్. దసరా పోయి దారులు ఎండేదాకా ఎవరూ కదిలేవారు కాదు.

ఈ మాటకు గవాహీ ఇచ్చినవాడు ఒక రూసీ సౌదాగర్. అఫనాసీ నికితిన్ అని పేరు, త్వేర్ నగరం వాడు. 1470 ప్రాంతంలో మన బీదర్‌లో ఉన్నాడు. హుర్ముజ్ రేవు నుంచి ఓడలో ఒక మగ గుర్రాన్ని వెంటబెట్టుకొని వచ్చాడు. అది ఇండియా చేరేసరికి తనకు వంద రూబుళ్ళు పడిందని రాసుకున్నాడు. జున్నర్‌కు చేరేసరికి వానలు పట్టుకున్నాయి. నాలుగు నెలలు రాత్రీ పగలూ నీళ్ళు, బురద అని వాపోయాడు. అక్కడ ఆగిపోయాడు.

ఆగినచోటే ముసీబత్ వచ్చింది. ఇతను ముసల్మాన్ కాదని తెలిసి జున్నర్ ఖాన్ గుర్రాన్ని లాక్కున్నాడు. మజ్హబ్ మార్చుకుంటే గుర్రంతో పాటు వెయ్యి బంగారు నాణేలు ఇస్తానన్నాడు. నాలుగు రోజులు మొహలత్. ఆ వేళకు ఖురాసాన్ నుంచి వచ్చిన ముహమ్మద్ అనే ఖ్వాజా ఊళ్ళోకి దిగాడు. నికితిన్ పోయి ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆయన ఖాన్ దగ్గరికి వెళ్ళి, ఆ మాట వెనక్కి తీసుకునేలా చేసి, గుర్రాన్ని ఇప్పించాడు. ఈ కిస్సాలో ఖాన్‌నే గుర్తుపెట్టుకునేవాళ్ళు ఉన్నారు, ఖ్వాజాను గుర్తుపెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. నేను రెండో పక్షం.

గుర్రానికి ఇంత ఖదర్ ఎందుకంటే, దక్కన్‌లో మంచి జాతి గుర్రాలు పుట్టేవి కావు. అరబ్బు, ఈరాన్ రేవుల నుంచి సముద్రం మీద రావాలి. ఇండియాలో గుర్రాలు పుట్టవు, ఎద్దులూ దున్నలే పుడతాయి, సవారీకైనా సామానుకైనా వాటినే వాడతారు అని నికితిన్ రాశాడు. బీదర్ దగ్గర ఆళంద్‌లో ఏటా పది రోజులు జరిగే బజారుకు 20,000 గుర్రాలు వస్తాయని అతని లెక్క. సౌదాగర్ నోటి లెక్క, కాస్త తగ్గించుకొని చదువుకోవచ్చు. అప్పటి వజీర్ మహమూద్ గవాన్ కూడా గీలాన్ నుంచి తిజారత్ కోసం వచ్చినవాడే. ఆయన తబేలాలో రెండు వేల గుర్రాలు ఉండేవనీ, వాటిలో వెయ్యి రాత్రీ పగలూ జీను వేసి తయారుగా ఉండేవనీ నికితిన్ రాశాడు. గవాన్ కట్టించిన మదర్సా బీదర్‌లో ఇప్పటికీ నిలబడి ఉంది. తబేలా జాడ లేదు.

ఇక మేత. ఇక్కడి గుర్రాలకు సెనగలు పెడతారనీ, కిచిడీ వండి అందులో చక్కెర, నూనె కలిపి తినిపిస్తారనీ నికితిన్ ఆశ్చర్యపోయాడు. ఆ గుర్రాన్ని ఏడాది మేపి బీదర్‌లో అమ్మాడు. మేపడానికి 68 పణాలు ఖర్చయిందని పైసా పైసా రాసిపెట్టాడు. మామూలు జనం గుర్రాలకు కిచిడీ ఎక్కడిది? ఉలవలు. మన ఎండు నేలల్లో పండే ఉలవలు నానబెట్టి, ఉడకబెట్టి, తోబ్రాలో పోసి మూతికి కట్టేవారు. ఆ ఉడికిన నీళ్ళతోనే మన ఇళ్ళల్లో ఉలవచారు. ఇప్పుడు షాదీ దావతుల్లో బిర్యానీ పక్కన పెద్ద షాన్‌తో వడ్డిస్తున్నారు. గుర్రాలు మాయమయ్యాయి, వాటి చారు మిగిలింది.

మా దాదా గిర్దావర్ దఫ్తర్‌లో ముహర్రిర్. సాహెబు గుర్రం మీద, ఈయన టట్టు మీద. చలికాలం వస్తే దౌరా మొదలు. ఆ సామాను గురించి ఆయన ఎంత ఇష్టంగా చెప్పేవారంటే, మా చిన్నప్పుడు అది మాకు కిస్సా-కహానీలతో సమానం. జీనుకు రెండు వైపులా వేలాడే ఖుర్జీ. ఒక పక్క ఎండబెట్టిన జొన్న రొట్టెలు, పల్లీల పొడి, ఉల్లిగడ్డలు, గుడ్డలో కట్టిన ఉప్పు. ఇంకో పక్క దస్తావేజులు, మోమ్‌జామా చుట్టిన సియాహీ బుడ్డి. రెండు పక్కలూ సమానంగా తూగాలి, లేకపోతే మంజిల్ చేరేసరికి జీను ఒక వైపుకు జారి గుర్రం వీపు ఒరుసుకుపోతుంది. పుండు పడ్డ వీపు మానడానికి పదిహేను రోజులు, అన్నాళ్ళూ కాలినడకే. అగాడీ-పిఛాడీ అని ముందుకాళ్ళకూ వెనకకాళ్ళకూ వేరు వేరు తాళ్ళు. నాలుగు మేకులు. తోలు మశ్క్. ఒకటో రెండో ఫాల్తూ నాడాలు, మేకులతో సహా. ఎక్కేముందు తంగు, అంటే కడుపు కింద పట్టీ, రెండుసార్లు బిగించాలి. ఎందుకంటే గుర్రం షాతిర్ జానవర్. మొదటిసారి బిగించేటప్పుడు కడుపు ఉబ్బించి పెడుతుంది. నాలుగు అడుగులు నడిపించి మళ్ళీ బిగించాలి.

ఆయన చెప్పినదాంట్లో నాకు మనసుకు పట్టింది ఇంకొకటి. "ఇంత దూరం అడవుల్లో, వాగుల్లో దారి ఎట్ల తెలిసేది దాదా?" అని అడిగితే, "ఊరి బేగరి ముందు నడుస్తుండె కదా" అన్నారు. అంతే. ఖుర్జీలో ఉప్పు మూట రంగు కూడా గుర్తున్న మనిషికి ఆ నడిచినవాళ్ళలో ఒక్కరి పేరూ గుర్తు లేదు.

దారి చూపే మనిషి ఎంత ముఖ్యమో పాతవాళ్ళకు బాగా తెలుసు. 17వ శతాబ్దంలో ఎన్నోసార్లు గోల్కొండ దాకా వచ్చిపోయిన ఫ్రెంచి రత్నాల సౌదాగర్ తావెర్నియె, ఇండియాలో ఇజ్జత్‌గా ప్రయాణం చేయాలంటే 20, 30 మంది హథియార్లున్నవాళ్ళను పెట్టుకోవాలని రాశాడు. నెలకు మనిషికి నాలుగు రూపాయలు, ప్రయాణం లంబా అయితే ఐదు. ఇక్కడ సవారీకి గుర్రాల బదులు ఎద్దులను వాడతారని రాశాడు. అయితే కొమ్ములు అడుగు కంటే పొడుగుండొద్దట, ఈగ కుట్టినప్పుడు తల వెనక్కి విసిరితే సవారీ కడుపులో దిగుతాయి! బంజారాల ఎడ్ల కాఫిలా ఎదురైతే అది దాటిపోయేదాకా రెండు మూడు రోజులు పక్కన ఆగాల్సి వచ్చేదని కూడా రాశాడు. ఈ మా తండాల ముత్తాతలు వాళ్ళే. వేల ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దక్కన్ దారులన్నీ పాదాలతో కంఠతా పట్టినవాళ్ళు.

తెలియని తోడు దొరికితే ఏమయ్యేదో నైజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ చెప్పాడు. సఫర్‌లో తీయటి మాటలతో కలిసి, నమ్మకం గెలిచి, ఒంటరి చోట రుమాలుతో గొంతు బిగించే ఠగ్గుల ఇక్బాల్ బయాన్లు అతనే నమోదు చేశాడు. 1839లో అచ్చయిన అతని నవలకు మసాలా అదే. కాబట్టి సాయంత్రం సరాయిలో కలిసిన మీఠా జబాన్ మనిషి కంటే, ఊరు అప్పగించిన రహ్బర్ మీద భరోసా ఎక్కువ.

పాదాల వేగాన్ని కూడా తక్కువ చేయొద్దు. 14వ శతాబ్దంలో వచ్చిన ఇబ్నె బతూతా ఇక్కడ రెండు రకాల డాక్ చూశాడు. ఒకటి గుర్రాల మీద, ఇంకోటి చేతిలో గజ్జెల కర్ర పట్టుకొని పరుగెత్తే మనుషుల మీద. రెండోదే తేజ్ అని రాశాడు.

ఇక్కడికి బేగార్ మాట వస్తుంది. బేగార్ అంటే ఉజ్రత్ లేని మజ్బూరీ పని. తెలుగులో వెట్టి. 1865లో సాలార్‌జంగ్ జిలాబందీ చేసి తాలూక్‌దార్లను పెట్టిన తర్వాత దౌరాలు ఇంకా పెరిగాయి. దౌరా వచ్చిందంటే ఊరు రసద్ సిద్ధం చేయాలి. గుర్రాలకు గడ్డి, వంటకు కట్టెలు, కుండలు, కోళ్ళు. సామాను మోసేవాడు, దారి చూపేవాడు, రాత్రయితే మషాల్ పట్టేవాడు ఊరి దళితుల ఇళ్ళ నుంచి రావాలి. తన ఊరి సరిహద్దు దాకా గుర్రం ముందు నడవాలి, గుర్రం దౌడు తీస్తే తనూ దౌడు తీయాలి, పక్క ఊరి బేగరికి అప్పగించి వెనక్కి రావాలి. దొరల దగ్గరా ఇదే దస్తూర్. తెలంగాణ పోరాటం గురించి పుచ్చలపల్లి సుందరయ్య రాసిన పుస్తకంలో వెట్టి పనుల జాబితా ఉంది, దొర బండి ముందూ వెనకా పరుగెత్తడం అందులో ఒకటి.

పైగా నవాబుల సంగతి మన ఇళ్ళల్లో ఫఖర్‌తో చెప్పుకుంటాం. బీదర్ జిల్లాలో చిటగుప్ప లాంటి ఎన్నో ఇలాఖాలు పైగా జాగీర్లే. పాయ్ అంటే కాలు, గాహ్ అంటే చోటు. దక్కన్‌లో ఆ మాటకు తబేలా, గుర్రపు ఫౌజు అనే మానీ వచ్చింది. మరాఠీలో పాగా అన్నా అదే. తెలుగులో 'పాగా వేశాడు' అనేది కూడా ఇక్కడి నుంచే వచ్చిందని నా గుమాన్, పండితులు ఒప్పుకోకపోతే వాళ్ళిష్టం. నిజాంకు ఫౌజును తయారుగా ఉంచడానికి ఈ జాగీర్లు ఇచ్చారు. అంటే గుర్రం మేతకు ఊళ్ళకు ఊళ్ళు రాసిచ్చారు. గుర్రం ముందు పరుగెత్తేవాడి మేతకు ఏ ఖాతాలోనూ లైను లేదు.

మా చుట్టుపక్కల ఊళ్ళల్లో ఇప్పటికీ బేగరి అనే ఇంటిపేరు ఉంది. ఓటర్ల జాబితాలో చూడొచ్చు, బడి హాజరీ పట్టీలో చూడొచ్చు. జీను, రికాబు మాటలకు మురిసిపోయే మనం, మన జబాన్ నుంచి వెళ్ళి ఒక మనిషి పేరు ముందు కూర్చున్న ఈ మాట గురించి కూడా మాట్లాడాలి కదా! భారత రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించేటప్పుడు ఇంగ్లీషు మూలంలోనే 'బేగార్' అని రాశారు. ఇంగ్లీషులో దానికి సరిపోయే మాట దొరకలేదేమో. 1950 నుంచి ఆ మాట ఆ పుస్తకంలో ఉంది, దాని మీద బంధన్‌తో.

ఇది మన తరీకా కాదని చెప్పడానికి దూరం పోనక్కర్లేదు, హిజ్రత్ చాలు. ఆ సఫర్ తయారీని ఎప్పుడైనా తయారీ లాగా చదివారా? హజ్రత్ అబూబకర్ (రజి) రెండు ఒంటెలను కొని నాలుగు నెలల పాటు ఆకులు వేసి మేపారు. బయలుదేరే రోజు వచ్చినప్పుడు ఒక ఒంటెను తీసుకోమని ప్రవక్త (స) ముందు పెడితే, ఖీమత్ ఇచ్చే తీసుకుంటానన్నారు. అంత దోస్తీలో కూడా ముఫ్త్ సవారీ లేదు. తోషా మూట కట్టడానికి తాడు దొరక్కపోతే హజ్రత్ అస్మా (రజి) తన నడికట్టు చింపారు, అందుకే ఆమెకు జాతున్నితాఖైన్ అని పేరు. ఇక రహ్బర్: అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్. ముసల్మాన్ కాదు, మక్కా వాళ్ళ మజ్హబ్ మీదే ఉన్నవాడు. దారుల మాహిర్. అతన్ని ఉజ్రత్ మీద పెట్టుకున్నారు. ఒంటెలు అతనికి అప్పగించి, మూడు రాత్రుల తర్వాత సౌర్ గుహ దగ్గరికి రమ్మన్నారు. తలకు ఇనామ్ ప్రకటించిన రోజుల్లో ఆ మనిషి చెప్పిన సమయానికి వచ్చి, మామూలు దారి వదిలి తీరం వైపు తీసుకుపోయాడు. నాకు అన్నిటికంటే పెద్ద సంగతి ఏమిటంటే, పధ్నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ కూలీ మనిషి పేరు, తండ్రి పేరు, తెగ పేరు మనకు తెలుసు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా భాంజా, అతని దోస్తులు ముగ్గురు కశ్మీర్ కొండల్లో గుర్రాల మీద ఆరు రోజులు తిరగడానికి పోతున్నారు. డేరాలు, గైడు, అన్నీ ప్యాకేజీ. వాట్సాప్‌లో సామాను జాబితా పంపి, "మామూ, ఏమైనా భూల్ గయా?" అని అడిగాడు. బూట్లు, రెయిన్‌కోటు, పవర్ బ్యాంక్, సన్‌స్క్రీన్, డ్రై ఫ్రూట్స్ అన్నీ ఉన్నాయి. గుర్రం గురించి ఒక్క లైను లేదు, గుర్రాన్ని పట్టుకొని నడిచే మనిషి గురించీ లేదు. అతన్ని అక్కడ మర్కబాన్ అంటారు. సవారీ కొండ ఎక్కుతుంటే అతను పక్కన నడుస్తాడు. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర బైసరన్‌లో చనిపోయిన 26 మందిలో సైలానీల వెంట వచ్చిన మర్కబాన్ ఒకడు.

జాబితాకు నేను కలిపినవి ఇవి. వెళ్ళేలోపు రోజూ గంట నడక, మెట్లు, తొడలకు కసరత్తు. లేకపోతే రెండో రోజే దిగలేరు, ఎక్కలేరు. కొత్త బూట్లు ఇక్కడే పది రోజులు తొడిగి నలగ్గొట్టాలి. జీన్స్ ప్యాంటు వద్దు, లోపలి కుట్లు తొడలు కోస్తాయి. బూటు మడమ రికాబులోంచి ముందుకు జారిపోనిదై ఉండాలి, పాదం సగమే లోపల పెట్టాలి. పడితే గుర్రం ఈడ్చుకుపోకుండా ఉండేది అప్పుడే. ఎక్కేముందు జీను ఎత్తించి వీపు చూడాలి, పుండు ఉంటే ఆ గుర్రం ఎక్కొద్దు, ఎంత జిద్ చేసినా సరే. మోసే బరువు గుర్రం బరువులో ఐదో వంతు దాటొద్దని ఇప్పుడు సవారీ నేర్పేవాళ్ళ మామూలు లెక్క. మూడు వందల కిలోల టట్టుకు, జీనుతో కలిపి అరవై. మా వాడు ఎనభై నాలుగు! నిటారు చడావ్ వచ్చినప్పుడల్లా దిగి నడుస్తానని మాట తీసుకున్నాను.

తర్వాత ఏజెన్సీని అడగాల్సినవి రాసి పంపాను. మర్కబాన్ పేరు ఏమిటి, అతనికి రోజుకు ఎంత, ఆ పైకం నేరుగా అతని చేతికి పోతుందా, గుర్రం దాణా ఖర్చు అతని మీదేనా, వాన పడి సఫర్ ఆగితే ఆ రోజుల కూలి ఎవరిస్తారు, రాత్రి డేరాలో అతనికి చోటుందా, బయటే పడుకోవాలా. భాంజా పంపాడు. రెండో రోజు ఒక్క ముక్కలో జవాబు వచ్చింది: "చార్జీలు ప్యాకేజీలోనే ఉన్నాయి సార్."

ఎంత, ఎవరికి అని మళ్ళీ రాయమన్నాను.